దేవరకొండ ఇంట్లో ముత్యపు చిప్ప పొదిగిన బల్ల, కుర్చీ: ఇవి ఏ దేశపు పని?

దేవరకొండ మనవరాలు
అందరికీ నమస్కారం. దేవరకొండ దగ్గర మా అమ్మమ్మగారి ఇంట్లో రెండు పాత వస్తువులున్నాయి. ఒకటి గుండ్రటి బల్ల. ఒకే కాలు మీద నిలబడుతుంది, పైపలకను నిలువుగా మడిచి గోడకు ఆనించి పెట్టవచ్చు. అద్దంలాంటి నల్లటి నునుపు మీద బంగారు తీగలు, గులాబీల్లాంటి పూలు, ఆ పూరేకుల్లో ముత్యపు చిప్ప ముక్కలు. దీపం వెలుతురులో నీలం, ఆకుపచ్చ మెరుస్తాయి. రెండోది చేతులున్న కుర్చీ. దాని మీద పూలు లేవు, అన్నీ నక్షత్రాలు, ముక్కోణాలు. ప్రతి చిప్ప ముక్క చుట్టూ సన్నని తెల్ల లోహపు తీగ ఉంది. కాళ్లకు బంగారు రంగు వేసి ఉంది, అది అక్కడక్కడ గోధుమరంగుకు తిరిగింది.

ముత్తాతగారు ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి హైదరాబాదులో వేలంపాటలో కొన్నారని ఇంట్లో చెబుతారు. అంతకుమించి కాగితం ముక్క కూడా లేదు. అందరూ "నిజాం కాలం నాటివి" అంటారు. వచ్చే నెల ఇంట్లో పెళ్లి. బల్లను చింతపండుతో తోమించి, కుర్చీకి కొత్తగా బంగారు రంగు వేయించి మండపంలో పెట్టాలని మామయ్య పట్టుదల. ఇవి ఎక్కడివో, ఎలా శుభ్రం చేయాలో తెలిసినవారు చెప్పగలరా?

చేవకర్ర (వనపర్తి)
అమ్మా, మిగతా సంగతులు తర్వాత. ముందు మామయ్యగారికి ఫోను చేసి చింతపండు ఆపించండి. ఇత్తడి బిందెకు చింతపండు మంచిదే కానీ చిప్పకు అది విషం. ముత్యపు చిప్ప సున్నపు పదార్థం, పులుపు తగిలితే కరుగుతుంది. ఒక్కసారి తోమినా మెరుపు పోయి సుద్దముక్కలా మిగులుతుంది. నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే. తడిగుడ్డ కూడా వద్దు. బంగారు రేకు ఏ పద్ధతిలో అతికించారో తెలియకుండా నీళ్లు తగిలిస్తే మొదటికే మోసం వస్తుంది. ప్రస్తుతానికి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి వదిలేయండి.

మా ఇంట్లో మూడు తరాలుగా వడ్రంగమే. పాత గడీల నుంచి వచ్చిన సామాను బాగుచేసిన చేతులివి. వందేళ్ల పాటు ఎండకు, వానకు తట్టుకున్న వస్తువు ఒక పెళ్లి కోసం చేసిన శుభ్రంతో పాడవడం నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దక్కను దారులు (హైదరాబాదు, సొంతూరు నాగర్‌కర్నూలు)
చేవకర్ర గారి మాటకు కారణం కూడా చెబుతాను. చిప్ప లోపలి పొరలో అరగొనైటు అనే సున్నపు పలకలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో పలక మందం సుమారు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే వెలుగు తరంగాల కొలతకు దగ్గర. అలాంటి పొరల నుంచి తిరిగివచ్చే వెలుతురు కలిసి, విడిపోయి ఆ రంగులు పుడతాయి. అందులో వేరే రంగు పదార్థమేదీ లేదు. పైపలకలు పులుపుకు తినుకుపోతే రంగు కూడా పోతుంది. పొదగడానికి వాడే ముక్కలు పలచనివి కాబట్టి మళ్లీ అరగదీసి కొత్త పొర తేవడానికి కింద ఏమీ మిగలదు.

ఇక ఏ దేశపు పని అన్నది పైన ఉన్న పూలను చూసి తేల్చలేం. పూలు, తీగలు, నక్షత్రాలు దేశాలు తిరుగుతాయి, నచ్చినవారు నచ్చినట్టు దించుకుంటారు. బల్లను తిరగేసి అడుగు భాగం చూడండి. అంచు ఎక్కడైనా విరిగితే లోపల ఏముందో చూసి చెప్పండి.

మూసీ ఒడ్డు (సూర్యాపేట)
నా నమ్మకం వేరు. మంచి వస్తువు కనబడగానే ఏ ఫ్రాన్సుకో ఇంగ్లాండుకో కట్టబెట్టే అలవాటు మనకు పోవాలి. బీదరు కోటలోని రంగీన్ మహల్ చూడండి. నల్లరాయిలో ముత్యపు చిప్ప పొదిగిన పని, అదీ 16వ శతాబ్దంలో. బీదరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. నల్లటి నేల మీద మెరిసే తీగ అనే రుచి బిద్రీ పనిలోనూ అదే కదా! నల్లటి లోహం మీద వెండి. అలాంటి చోట ఇలాంటి బల్ల ఎందుకు పుట్టకూడదు?

పాలమూరు పాఠకుడు (మహబూబ్‌నగర్)
మూసీ ఒడ్డు గారూ, రంగీన్ మహల్‌ను గుర్తుచేసినందుకు సంతోషం. చరిత్ర పాఠం చెప్పేవాడిగా పిల్లలను అక్కడికి తీసుకెళ్లాలని ఎప్పుడూ అంటుంటాను. అలీ బరీద్ షా (పాలన 1542–1580) కట్టించిన భాగమది. గోడలపై ఇరానీ పద్ధతి రంగు పలకలు, చెక్క స్తంభాలపై మన దేవాలయ మండపాలను గుర్తుచేసే చెక్కడాలు, ద్వారం చుట్టూ నల్ల బసాల్టులో చిప్ప అక్షరాలు, తీగలు. ఒకే గదిలో మూడు లోకాలు. దక్కను రుచి గురించి మీరన్నది అక్షరాలా నిజం.

అయితే అక్కడ రాతిని ఉలితో తొలిచి గుంట చేసి, ఆ గుంటకు సరిపడే ఆకారంలో చిప్పను కోసి దింపారు. అది రాతిపనివారి చేయి. నల్లటి మెరుగు పూత మీద పలచని చిప్ప అతికిన బల్ల వేరే కార్ఖానా పద్ధతి. అడుగు భాగం గురించి ఆమె చెప్పేదాకా ఆగుదాం.

ఈలోగా గుజరాత్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో దానికి పెద్ద చోటుంది. 16వ శతాబ్దానికే గుజరాత్‌లో చిప్పపని రెండు విధాలుగా సాగింది. మొదటిది చెక్క కనబడకుండా పెట్టెనంతా చిప్ప పలకలతో కప్పి సన్నని ఇత్తడి చీలలతో బిగించడం. రెండోది చెక్క మీద నల్లటి లక్క పరిచి అందులో ముక్కలు కూర్చడం. అవి ఎంత దూరం వెళ్లాయో చూడండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో గుజరాతీ చిప్ప పెట్టె ఒకటుంది. దానికి 1532–33లో పారిస్ కంసాలి పియర్ మాంగో బంగారు పూత వెండి పట్టీలు బిగించాడు. ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ దాన్ని కొన్నాడు. గుజరాత్ చిప్ప, పారిస్ బంగారం, రెండూ ఒకే పెట్టె మీద! పాణిపట్టు మొదటి యుద్ధం జరిగి అప్పటికి ఏడేళ్లే. మన దేశంలోనే చూడాలంటే ఫతేపూర్ సిక్రీలో సలీం చిష్తీ సమాధి మీది పందిరి ఉంది. చెక్క మీద చిప్ప తాపడం.

పుట్టపాక మగ్గం
నేను బల్లల మనిషిని కాదు, నేతపని ఇంటివాడిని. కానీ ఈ చర్చ నాకు చాలా దగ్గరిదనిపించింది. మా తేలియా రుమాలు ఒకప్పుడు ఎక్కువగా అరబ్బు దేశాలకు, ఆఫ్రికా తూర్పు తీరానికి వెళ్లేది. అక్కడివారు తలకు చుట్టుకునేవారు. నూనెలో, బూడిద నీళ్లలో నానబెట్టిన నూలు ఎండలో చల్లగా ఉంటుందని వారికి నచ్చింది. నేసింది ఇక్కడ, మెచ్చింది అక్కడ. కొనేవారి ఇష్టాన్ని బట్టి ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు స్థిరపడ్డాయి. మరి ఆ రుమాలు ఎవరి సంస్కృతి? నేసినవారిదా, కట్టుకున్నవారిదా? రెండు వైపులదీ అని మా పెద్దలు తడుముకోకుండా అనేవారు. చిప్పపని కూడా అదే దారిలో నడిచిందేమో చెప్పండి.

దక్కను దారులు
సరిగ్గా అదే దారి. పోర్చుగీసువారు 1543లో జపాన్ చేరారు. ఆ శతాబ్దం చివరికల్లా తమ చర్చిల కోసం, తమ దేశంలో అమ్మకం కోసం పెట్టెలు, పుస్తక పీఠాలు అక్కడ చేయించుకోవడం మొదలుపెట్టారు. జపాన్‌వారిది ఒక చెట్టు పాలతో చేసిన లక్కపూత తడిగా ఉండగానే బంగారు పొడి చల్లి బొమ్మ తేల్చే పద్ధతి. అందులో ఖాళీ స్థలానికి ఎంతో విలువ ఉంటుంది. కానీ ఈ ఎగుమతి పెట్టెలు చూస్తే అంగుళం ఖాళీ ఉండదు, గళ్లు గళ్లుగా చిప్ప నింపేశారు. పోర్చుగీసువారు అప్పటికే గోవా, గుజరాత్‌లలో చూసి అలవాటుపడిన పెట్టెల రుచి అది. జపాన్ చేతిపని మీద గుజరాత్ నీడ పడింది. 1639లో పోర్చుగీసు ఓడలను జపాన్ నిషేధించాక, డచ్చివారి కాలంలో చిప్ప తగ్గి బొమ్మలు పెరిగాయి. కొనేవాడు మారితే వస్తువు ముఖం మారింది.

దేవరకొండ మనవరాలు
చింతపండు ఆగింది. మామయ్య కొంచెం కినుక వహించారు కానీ ఒప్పుకున్నారు.

దక్కను దారులు గారు చెప్పినట్టు మెల్లగా చూశాం. బల్ల పైపలక అంచు ఒకచోట పగిలి ఉంది. లోపల చెక్క నార కనబడలేదు. బూడిదరంగులో పొరలు పొరలుగా, అట్టముక్క చీలినట్టుంది. కాలు మాత్రం చెక్క. పలక చేతికి తేలికగానే ఉంది. ముద్రలు, పేర్లు ఏమీ కనబడలేదు. చిప్ప ముక్కలు గుంటలో దిగినట్టు లేవు. వేలితో తాకితే పక్కనున్న నలుపుతో సమంగా నునుపుగా ఉన్నాయి.

కుర్చీ పూర్తిగా చెక్కే. ఒక నక్షత్రంలో ముక్క ఊడిపోయిన చోట గుంట స్పష్టంగా ఉంది. గుంట అడుగున ముదురు రంగు జిగురు ఎండిపోయి ఉంది. కొన్ని ముక్కలు మెరవడం లేదు, మామూలు తెలుపు. దంతమేమోనని భయంగా ఉంది.

దక్కను దారులు
ఆ పొరలే మనకు కావలసిన జవాబు. అది కాగితపు పలక! 1772లో బర్మింగ్‌హామ్‌కు చెందిన హెన్రీ క్లే అనే ఆయన కాగితాలను జిగురుతో అచ్చు మీద ఒకదానిపై ఒకటి అతికించి, నూనె పట్టించి, పొయ్యిలో ఆరబెట్టి, కర్రలా కోయదగిన పలక తయారుచేసే పద్ధతికి పేటెంటు పొందాడు. దాని మీద నల్లటి వార్నిషు పొరలు వేసి, ఒక్కో పొరను కాల్చి ఆరబెట్టి, రుద్ది నునుపు తెచ్చేవారు. జపాన్ లక్కను అందుకోవాలన్న యూరప్ ప్రయత్నమది. లక్క చెట్టు పాలు యూరప్‌లో దొరకవు కనుక వేరే వార్నిషులతో ఆ నలుపు సాధించారు.

అదే ఊరిలోని జెన్నెన్స్ అండ్ బెట్రిడ్జ్ కంపెనీ 1825లో చిప్ప అలంకరణకు పేటెంటు తీసుకుంది. పలచగా కోసిన చిప్ప మీద పూరేకు ఆకారాన్ని ఆమ్లానికి తట్టుకునే వార్నిషుతో రాసి, మిగతా భాగాన్ని ఆమ్లంతో తొలగించేవారు. వేలాది రేకులు వేగంగా తయారయ్యేవి. చింతపండు చేసే పనినే వారు అదుపులో పెట్టి వాడుకున్నారన్నమాట. తర్వాత రేకులను పలక మీద అతికించి, పైన మళ్లీ నల్ల వార్నిషు పొరలు వేసి, చిప్ప బయటపడేదాకా రుద్దేవారు. అందుకే మీ వేలికి గుంట తగల్లేదు. చివరగా బంగారు రేకుతో తీగలు, ఈనెలు. 1851 లండన్ మహా ప్రదర్శనలో ఇలాంటివి గొప్పగా చూపించారు. మడిచే పలక, ఒంటికాలు కూడా ఆ కాలపు ఇంగ్లీషు ఇళ్ల అలవాటే. ముద్ర లేకపోవడం వింత కాదు, ముద్ర వేయని కార్ఖానాలు చాలా ఉండేవి. అందుకని ఏ కంపెనీదో చెప్పను. ఇంగ్లాండు పని, 19వ శతాబ్దం అని మాత్రం ధైర్యంగా అంటాను.

మూసీ ఒడ్డు
కాగితపు పొరల మాటకు ఎదురుచెప్పలేను. కానీ ఇంగ్లాండు బల్ల దేవరకొండకు ఎలా వచ్చింది? ఆ దారి కూడా చెబితేనే కథ పూర్తవుతుంది.

పాలమూరు పాఠకుడు
1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది, బొంబాయి రేవు చేరువైంది. ఆ తర్వాత హైదరాబాదు అమీర్ల ఇళ్లకు యూరప్ సామాను వరదలా చేరింది. 1893లో పూర్తయిన ఫలక్‌నుమా నిండా ఆ సామానే. వారిని చూసి సంస్థానాలు కూడా కొన్నాయి. మన వైపు గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు పెద్దిళ్లలో దివాన్‌ఖానా అంటే విదేశీ అద్దాలు, దీపాలు, కుర్చీలు ఉండాలన్నది మర్యాద. 1948 తర్వాత రోజులు మారాయి, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఇంత పెద్ద ఇళ్లు నడపలేక ఎంతోమంది సామాను అమ్ముకున్నారు. హైదరాబాదు వేలంపాటల్లో, జుమ్మెరాత్ బజారులో అవి చేతులు మారాయి. ముత్తాతగారి వేలంపాట ఆ కాలానిదే అయితే లెక్క చక్కగా కుదురుతుంది.

కుర్చీ గురించి నా అంచనా డమాస్కస్. అక్రోటు చెక్కను ముందు గుంటలుగా తొలిచి, చుట్టూ తగరపు తీగ దిగ్గొట్టి, లోపల చిప్ప, ఎముక ముక్కలు కూర్చడం సిరియా పనివారి పద్ధతి. నక్షత్రాలు, ముక్కోణాలు మసీదు మింబర్ల (ప్రసంగ వేదికల), తలుపుల లెక్కల నుంచి వచ్చినవి. టర్కీ ఉస్మానీ (ఒట్టోమన్) రాజ్యంలో ఈ పనికి ఎంత గౌరవమంటే, ఇస్తాంబుల్‌లో నీలి మసీదు (1609–1616) కట్టిన ప్రధాన శిల్పి మెహ్మద్ ఆగాను "సెదెఫ్‌కార్", అంటే చిప్పపనివాడు, అన్న బిరుదుతోనే చరిత్ర గుర్తుంచుకుంది.

అయితే మీ కుర్చీలో ఒక విశేషముంది. పాత డమాస్కస్ ఇళ్లలో గోడల వెంట పరుపు పరిచిన దివాన్ మీద కూర్చునేవారు, వారికి పెట్టెలు, చిన్న బల్లలు కావాలి. చేతులు, వెన్నుపలక ఉన్న ఎత్తు కుర్చీలు 19వ శతాబ్దంలో యూరప్ యాత్రికుల కోసం, యూరప్ పద్ధతికి మారిన ఇళ్ల కోసం ఎక్కువయ్యాయి. నగిషీ డమాస్కస్‌ది, కూర్చునే తీరు యూరప్‌ది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈజిప్టు, సిరియా సామాను ఉన్న విభాగానికి వెళ్లి పక్కన పెట్టి పోల్చుకోండి. మీకే తెలుస్తుంది.

అవతలి గట్టు (అలంపూర్)
విశాఖపట్నం సామాను అయ్యే అవకాశం లేదా? మన తెలుగువారి పని కదా.

పాలమూరు పాఠకుడు
మంచి ప్రశ్న. 18వ శతాబ్దంలో విశాఖపట్నం కంసాలులు ఈస్టిండియా కంపెనీ దొరలకు ఇంగ్లీషు నమూనా కుర్చీలు, అల్మారాలు చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. అవి దంతపు పని. తెల్ల దంతం మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపడం వారి ముద్ర. ఇక్కడ గీతలు లేవు, తీగ ఉంది. వారిది కాదు.

చేవకర్ర
మెరవని తెల్ల ముక్కల గురించి చెబుతాను. భూతద్దంతో చూడండి. సన్నని ముదురు చుక్కలు, గీరలు కనబడితే ఎముక. ఆ రంధ్రాల్లో ఒకప్పుడు రక్తనాళాలు ఉండేవి, వాటిలో దుమ్ము పట్టి కనబడతాయి. దంతానికి అలాంటి చుక్కలుండవు, అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి కోసుకునే సన్నని వంపు గీతలుంటాయి. డమాస్కస్ పని అయితే ఎముకే అని నా అంచనా.

వేదిక నిర్వాహకులు
ధర ఎంత పలుకుతుందని ఇద్దరు సభ్యులు విడిగా అడిగారు. ఈ చర్చలో ధరల మాట వద్దు. వందేళ్లు దాటిన కళావస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. దంతం ఉన్నవాటికి వన్యప్రాణి చట్టం కూడా వర్తిస్తుంది.

దేవరకొండ మనవరాలు
అమ్మే ఆలోచన మాకు లేదు. చుక్కలు కనబడ్డాయి, ఎముకే అనుకుంటున్నాం. ఇక కుర్చీ కాళ్ల బంగారు రంగు ఒక్కటే మిగిలింది. మామయ్య ఇప్పుడు "కాళ్లకైనా రంగు వేయిద్దాం" అంటున్నారు. ఊడిన ముక్కలు కొన్ని ఒక డబ్బాలో దొరికాయి, వాటినేం చేయాలి?

చేవకర్ర
అసలు బంగారం నల్లబడదు, గోధుమరంగుకు తిరగదు. మీ కుర్చీ కాళ్ల మీద ఉన్నది ఇత్తడి, రాగి పొడి కలిపిన రంగు. తర్వాత ఎవరో వేయించారు. భూతద్దంలో ఇసుకలాంటి రేణువులు కనబడితే పొడి. చదరపు రేకుల అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కినట్టుంటే రేకు. బల్ల మీద తీగలను కూడా ఇలాగే చూడండి, కానీ చూసి వదిలేయండి. బంగారు రేకు మందం మైక్రాన్‌లో పదో వంతు. వెంట్రుకను వందల పొరలుగా చీల్చితే ఒక పొర అది. గుడ్డ రాపిడికే పోతుంది.

కుర్చీ కాళ్ల మీద ఇప్పుడున్న రంగుపై మరో రంగు వేస్తే దాని కింద ఉన్న అక్రోటు నగిషీ ఇంకా పూడిపోతుంది. తీయడం మాత్రం తెలిసిన చేతుల పని. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రయోగశాల ఉంది, అక్కడి వారి సలహా తీసుకుని ఆ తర్వాతే ముట్టుకోండి. పెళ్లికి కుర్చీని అలాగే ఉంచండి, లేదా కాళ్లు కనబడకుండా ముందు పూలకుండీలు పెట్టండి.

ఊడిన ముక్కల విషయం. మన పాలమూరు, నల్లగొండ వేసవిలో గాలి ఎండిపోతుంది, చెక్క నారకు అడ్డంగా కుంచించుకుంటుంది. చిప్ప కుంచించుకోదు. వానాకాలంలో చెక్క మళ్లీ ఉబ్బుతుంది. ఈ లాగులాటలో జిగురు తెగి ముక్క ఎగిరిపోతుంది. కాబట్టి కుర్చీని కూలర్ ఎదుట, కిటికీ ఎండలో, వంటింటి గోడ పక్కన పెట్టవద్దు. ప్రతి ముక్కను విడిగా కాగితంలో చుట్టి, ఏ నక్షత్రం దగ్గర దొరికిందో రాసి పెట్టండి. బజారులో దొరికే ప్లాస్టిక్ జిగురు, రెండు గొట్టాల జిగురు వాడవద్దు. అవి చెక్కను వదలవు, రేపు బాగుచేసేవాడు చిప్పను పగలగొట్టి తీయాలి. పాతవారు వాడింది పశువుల తోలు, ఎముకలు ఉడికించిన సరేసు. అది గోరువెచ్చని తేమకు మెత్తబడి వదిలేస్తుంది. తర్వాతి తరం చేయి కూడా ఆ వస్తువు మీద పనిచేయగలగాలంటే అదే మంచిది. ముక్క పోయిన చోట కొత్త చిప్ప కావాలంటే నాకు రాయండి, నా దగ్గర పాత బొత్తాల చిప్పలు కొన్ని ఉన్నాయి.

పుట్టపాక మగ్గం
మనవరాలు గారూ, కుర్చీ వెన్నుపలక మీది నక్షత్రాల వరుసను పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టగలరా? ఆ ముక్కోణాల లెక్కను చిటికి (రంగు వేసే ముందు నూలును ముడులు కట్టే పద్ధతి) కట్టే కాగితం మీదికి దించి ఒక రుమాలు నేయాలని ఉంది. డమాస్కస్ వారు మా రుమాళ్లు కట్టుకున్నారో లేదో కానీ, వారి నక్షత్రం మా మగ్గం మీదికి రావడానికి అడ్డేమీ లేదు.

దేవరకొండ మనవరాలు
తప్పకుండా. ఆదివారం పగటి వెలుతురులో తీసి పెడతాను. బల్లను లోపలి గదికి మార్చాం, పెళ్లిలో దాని మీద ఏమీ పెట్టకూడదని మామయ్యే అందరికీ చెబుతున్నారు. చేవకర్ర గారూ, ముక్కలను విడివిడిగా చుట్టడం మొదలుపెట్టాను. ఏది ఏ చోటిదో తేలనివి కొన్నున్నాయి, వాటి ఫొటోలు కూడా కలిపి పంపుతాను.